అప్పజెప్పిన సంచి

బాంబు పెట్టడానికి సారయ్య కంటే నమ్మకమైన మనిషి ఆ స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ చైతన్యకు ఇంకెవరూ కనిపించలేదు.

నిజం బాంబు కాదు లెండి. రెండు ఇటుకలు, ఒక అలారం గడియారం, పాత స్విచ్‌బోర్డులోంచి పీకిన ఎర్ర వైరు, నల్ల వైరు. వీటిని ఓ సంచిలో పెట్టి ప్లాట్‌ఫాం మీద వదిలేసి రావాలి. ఎవరైనా గమనించి పోలీసులకు చెబుతారా, చెప్పరా అన్నది దూరం నుంచి చూడాలి. మేడారం జాతర దగ్గర పడింది. లక్షల మంది వచ్చిపోయే రోజుల్లో ఏ దుర్మార్గుడైనా నిజంగానే ఒక సంచి పెట్టి పోతే ఏం గతి అని పైవాళ్ళకు దిగులు పట్టుకుంది. దిగులు న్యాయమైనదే. అందుకని రద్దీ పెరగకముందే ఈ పరీక్ష జరిపి ఫలితం పంపమన్నారు. వరంగల్ చుట్టుపక్కల ఉన్న స్టేషన్లలో ఇది ఏదన్నది మాత్రం అడక్కండి. చెబితే అక్కడివాళ్ళు నన్ను మళ్ళీ ప్లాట్‌ఫాం మీద అడుగు పెట్టనివ్వరు. నాకేమో తరచూ రైలెక్కే పని ఉంటుంది.

సారయ్య రైల్వే పోలీసులో హెడ్ కానిస్టేబులు. ఇన్నేళ్ళ నౌకరీలో ఆయన దొంగల్ని పట్టుకున్నది తక్కువ, తప్పిపోయిన పిల్లల్ని తల్లులకు అప్పగించింది ఎక్కువ. అలాంటి పనికి మెడల్స్ ఇవ్వరు. రిటైరయ్యే లోపల ఏఎస్సై అయి, భుజం మీద ఒక్క చుక్క పెట్టుకోవాలన్నది ఆయన కోరిక. ఒకరోజు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, భుజం మీద బొట్టుబిళ్ళ ఒకటి అంటించుకుని అద్దంలో చూసుకుంటుండగా భార్య అనసూయ కంటబడ్డాడు. ఆ సంగతి ఇప్పుడు చుట్టాలందరికీ తెలుసు.

ఆ చుక్క ఇప్పుడు చైతన్య చేతిలో ఉంది. ఆయన ఒక్క మాట రాసి పంపితే పనైపోతుంది. చైతన్యకు సారయ్య కొడుకంత వయసు. పొద్దున లేస్తే ఫోన్లో గ్రూపులన్నిటికీ జాగ్రత్తలు పంపుతాడు. మనిషి చెడ్డవాడు కాదు. ప్రతిదీ పద్ధతిగా జరగాలంటాడు, జరగకపోతే ఎవరో ఒకరి పేరు రాయాలంటాడు.

"మఫ్టీలో రండి సారయ్య గారూ. మామూలు ప్యాసింజర్ లాగా ఉండాలి. బ్యాగ్ కూడా మామూలుదే తెండి," అన్నాడు చైతన్య.

ఇంట్లో మామూలు సంచి ఏదైనా ఉందా అని అడిగితే అనసూయ బీరువా మీద నుంచి ఒకటి తీసి దులిపి ఇచ్చింది. ఈమధ్య పెళ్ళిళ్ళలో తాంబూలంతో పాటు చేతిలో పెడుతున్నారే, ఆ రకం సంచి. దాని మీద పెద్ద అక్షరాలతో 'శ్రావణి వెడ్స్ అఖిల్' అని రాసి ఉంది. కింద రెండు చిలకలు. గడియారం కూడా అనసూయదే.

"నా సంచి మళ్ళ నాకు తెచ్చియ్యాలె. కూరగాయలకు గదొక్కటే గట్టిగున్నది," అంది.

"సర్కారు పని అనసూయా."

"సర్కారుకు సంచి గూడ లేదా?"

సారయ్య ఇటుకలు వెతకడానికి పెరట్లోకి పోయాడు.

సోమవారం పొద్దున, పెళ్ళిళ్ళకు వేసుకునే గళ్ళ చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని సారయ్య ప్లాట్‌ఫాం మీదికి వచ్చాడు. కాళ్ళకు మాత్రం పోలీసు బూట్లే. డ్యూటీకి చెప్పులతో పోవడం ఆయన ప్రాణానికి ఒప్పలేదు. అందరూ తనను గుర్తుపడతారేమోనని భయపడ్డాడు గానీ, ఎవరూ పట్టించుకోలేదు. కాస్త చిన్నబోయాడు కూడా.

సంచి బరువుగా ఉంది. నీళ్ళ నల్లా దాటాక ఒక స్తంభం కనిపించింది. సంచిని దానికి ఆనించి నిలబెట్టి, అటు పడకుండా ఇటు పడకుండా రెండుసార్లు సర్దాడు. పక్కనే సమ్మమ్మ ఊడుస్తోంది. ఆమె అక్కడ సఫాయి పనిచేస్తుంది, కాంట్రాక్టరు కింద. చీర మీద నారింజ రంగు జాకెట్టు, నడుం దగ్గర కొంగు బిగించి, పొడుగు చీపురుతో వెనక్కి వెనక్కి నడుస్తూ ఊడవడం ఆమె పద్ధతి. ఎదురుగా వచ్చేవాళ్ళు ఆమె ఊడ్చిన చోట తొక్కకుండా పక్కకు జరిగి పోతారు. ఎందుకంటే తొక్కితే ఆమె ఏమీ అనదు, ఆగి కాళ్ళ వైపు చూస్తుంది.

సారయ్య సంచి పెట్టాడు, చేతులు దులుపుకున్నాడు, వెళ్ళడానికి తిరిగాడు. అప్పుడు ఆయన నోట్లోంచి ఒక మాట వచ్చింది.

"అక్కా, జర సంచి సూస్తుండు. ఇప్పుడే వస్త."

"సూస్త పో సారూ," అంది సమ్మమ్మ, చీపురు ఆపకుండా.

మన వైపు మనిషి సంచి కింద పెట్టి టికెట్‌కో, నీళ్ళకో, ఒంటికో పోయేటప్పుడు పక్కవాళ్ళకు ఆ మాట చెప్పకుండా పోగలడా? పక్కన ఉన్నది తెలిసినవాళ్ళా, కొత్తవాళ్ళా అన్న తేడా కూడా ఉండదు. మాట చెబితే చాలు, సంచి క్షేమం. సారయ్య పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్న పని అది. టీ కొట్టు దాకా పోయి, చాయ్ గ్లాసు చేతికి తీసుకున్నాక గానీ తను అన్నదేమిటో తనకే తెలిసిరాలేదు.

వెనక్కి పోయి చెబుదామా అనుకున్నాడు. కానీ పైన గదిలో చైతన్య కెమెరాల ముందు కూర్చుని చూస్తున్నాడు. ఇందాక స్తంభం అడ్డం వచ్చి తను మాట్లాడడం కనబడి ఉండదు, ఇప్పుడు మళ్ళీ సంచి దగ్గరికి పోతే పరీక్ష పాడుచేశావంటాడు. పోనీలే, ఊడ్చుకుంటూ ఆమే ముందుకు పోతుంది, మరిచిపోతుంది అని సర్దిచెప్పుకుని చాయ్ ఊదుకున్నాడు.

సమ్మమ్మ మరిచిపోలేదు. చీపురు స్తంభానికి ఆనించి, సంచి పక్కన నిలబడింది. కాసేపటికి ఒక పెద్దమనిషి వచ్చి ఆ నీడలో కూర్చుందామని సంచిని కాలితో పక్కకు జరపబోయాడు.

"కాలు పెట్టకు నాయినా. వేరేటోళ్ళది," అంది.

పార్సిళ్ళ బండి వచ్చింది. దారికి అడ్డమని ఆమె రెండు చేతులతో సంచి ఎత్తి లోపలికి జరిపింది. బరువుకు నడుం పట్టేసినట్టుంది, చెయ్యి వేసి నిమురుకుంది. వైరు కొస ఒకటి బయటికి వేలాడుతుంటే నలుగురి కాళ్ళకు తగులుతుందని దాన్ని చక్కగా చుట్టి లోపలికి దోపింది. ఒక కుక్క వాసన చూడబోతే తరిమింది. టీ కొట్టు దగ్గర సారయ్య రెండో చాయ్ తాగాడు. చేదుగా ఉంది.

అప్పుడు సంచిలో అలారం మోగింది. అనసూయ తన బీపీ గోళీ కోసం రోజూ ఆ వేళకు పెట్టుకున్న అలారం అది. తీసేయాలని ఆమెకు తోచలేదు, సారయ్య చూడలేదు. గడియారం గణగణమని మోగుతుంటే చుట్టూ ఉన్న జనమంతా సంచి వైపు తిరిగారు. సారయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఇప్పుడు ఎవరో ఒకరు భయపడతారు, కేక వేస్తారు, పోలీసు దగ్గరికి పరుగెత్తుకొస్తారు, అంతటితో గండం గడుస్తుంది.

"ఫోన్ మోగుతాంది," అంది సమ్మమ్మ. "ఇంటి నుంచి కావచ్చు పాపం."

నెత్తి మీద బెల్లం మూటతో నిలబడ్డ ఆడమనిషి ఒకామె, "ఎత్తి చెప్పరాదు, మనిషి బయటికి పోయిండని? ఇంటికాడ పరేషాన్ అయితరు," అంది.

"వేరేటోళ్ళ ఫోన్ ఎత్తుడు మంచిగుండదు."

"అదీ నిజమే," అంది ఆమె. అలారం అలిసిపోయి ఆగేదాకా ఇద్దరూ సానుభూతితో సంచి వైపే చూశారు.

మధ్యాహ్నం డ్యూటీ దిగే వేళయింది. తోటివాళ్ళు జాకెట్లు విప్పి బస్సుకు పోతూ సమ్మమ్మను పిలిచారు. ఆమె చేత్తో పొమ్మని సైగ చేసింది. సద్దిగిన్నె విప్పి సంచి పక్కనే కూర్చుని తిన్నది. ఆ బస్సు పోయింది. దాని తర్వాతదీ పోయింది. చైతన్య ఇక ఆగలేక విజిల్ ఊదుకుంటూ దిగి వచ్చాడు. వెంట కానిస్టేబుల్ రమ్య పసుపు రంగు టేపు పట్టుకుని వచ్చింది. సారయ్య కూడా గళ్ళ చొక్కాలోనే వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డాడు.

"ఈ బ్యాగ్ ఎవరిది?" అన్నాడు చైతన్య.

సమ్మమ్మ సారయ్య వైపు చూసింది. ఆయన తల అడ్డంగా కదిలింది. కదపాలని ఆయన అనుకోలేదు, దానంతటదే కదిలింది. ఎంత చిన్నగా అంటే, చూసేవాళ్ళకు ఈగను తోలుకున్నట్టే ఉంటుంది. సమ్మమ్మకు అది చాలింది.

"ఎర్క లేదు సార్."

"తెలియకపోతే పొద్దున నుంచి దాని పక్కన ఎందుకు నిలబడ్డావు?"

"ఎవలన్న ఎత్తుకపోతరని."

"అందులో బాంబు ఉంటే?"

సమ్మమ్మ సంచి మీది చిలకల వైపు చూసింది. "పెండ్లి సంచి గద సార్," అంది.

చుట్టూ మూగిన జనం నవ్వారు. చైతన్య చెవులు ఎర్రబడ్డాయి. నవ్వకపోయి ఉంటే సంగతి అక్కడితో పోయేదేమో.

మంగళవారం పొద్దున చైతన్య కంప్యూటర్ ముందు కూర్చుని, పైకి చదువుకుంటూ రిపోర్టు కొట్టాడు. ప్రజలలో అప్రమత్తత లేదు. సఫాయి సిబ్బందిలో ఒకరు అనుమానాస్పద వస్తువును స్వయంగా తాకి, ఎత్తి, స్థలం మార్చి, తీవ్ర నిర్లక్ష్యం చూపారు. పేరు సమ్మమ్మ. ఎదురుగా సారయ్య ఖాకీలో నిలబడి ఉన్నాడు. చెబుదామని నోరు తెరిచాడు.

"అన్నట్టు సారయ్య గారూ, మీ పేరు ఈ వారంలో పంపుతున్నా," అన్నాడు చైతన్య తల ఎత్తకుండానే. "నిన్న ఎండలో అంతసేపు నిలబడ్డారు. ఓపిక మీది."

సారయ్య నోరు మూసుకుంది.

మధ్యాహ్నం సఫాయి సూపర్‌వైజర్ మధు ఎదురయ్యాడు. పై నుంచి మాట వచ్చిందట, సమ్మమ్మను రేపటి నుంచి రావద్దని చెప్పాడట. "నేనేం చేస్త సార్, రిపోర్టుల పేరెక్కినంక," అని చేతులు తిప్పాడు. సారయ్య అవునన్నట్టు తల ఊపాడు. ఆ తల మీద ఆయనకే కోపం వచ్చింది. నిన్న అడ్డంగా ఊగింది, ఇవాళ నిలువుగా ఊగుతోంది, సరైన వేళకు సరైన వైపు మాత్రం ఒక్కసారీ ఊగడం లేదు.

సాయంత్రం కాజీపేట క్వార్టర్సులో సారయ్య వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే సమ్మమ్మ గేటు తీసుకుని వచ్చింది. అనసూయ చెంబుతో నీళ్ళిచ్చింది. సమ్మమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. మెట్టు పక్కన నిలబడి, ముందుగా ఒకటి అడిగింది.

"నీకేం కాలే గద సారూ? నిన్న తల అడ్డంగ ఊపినవు. నేను నీ పేరు ఎత్తలే. ఎందుకు ఊపినవో నాకెర్క లేదు, ఏదో ఇబ్బంది ఉంటదనుకున్న."

"నాకేం కాలే అక్కా," అన్నాడు సారయ్య చిక్కుడుకాయలతో.

"గట్లయితే మంచిదే. నన్ను రావద్దన్నడు మధు. నువ్వొక మాట చెప్తే ఇంటరు. బిడ్డ కాన్పుకు దవాఖానల ఉన్నది. గీ నెల నౌకరి లేకుంటే కష్టం."

"చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆమె ఇంకేమీ అడగలేదు. మాట ఇచ్చాడు గనుక పని అయిపోయినట్టే లెక్క వేసుకుని, తేలికపడ్డ మొహంతో గేటు జాగ్రత్తగా వేసి వెళ్ళిపోయింది. అనసూయ ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. మొగుడు చిక్కుడుకాయల నుంచి తల ఎత్తుతాడేమోనని చూసింది. ఎత్తలేదు. ఈనెలు తీయడం మానేసి కాయల్నే పీచుపీచు చేస్తున్నాడు.

"పేరు ఎత్తకపోవుడేంది? ఏం చేసినవ్?"

సారయ్య చెప్పాడు. మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపు అనసూయ ఒక్కసారి కూడా మధ్యలో అడ్డం రాలేదు, అందుకే ఆయనకు భయం వేసింది.

"అయితే సంచి నాది, మాట నీది, పోయింది ఆమె నౌకరి," అంది చివరికి.

"నౌకరి మళ్ళ ఇప్పిస్త. వేరే తీరుగ ఇప్పిస్త."

"సీదాగ చెప్తే ఏమైతది?"

"చుక్క పోతది."

అనసూయ చిక్కుడుకాయల చాట ఆయన ముందు నుంచి లాగేసుకుంది. "బొట్టుబిళ్ళలు ఇంట్ల శానా ఉన్నయి," అని లోపలికి పోయింది. ఆ రాత్రి కూరలో ఉప్పు లేదు. సారయ్య అడగలేదు.

వేరే తీరు అంటే ఇదీ. బుధవారం సారయ్య చైతన్య దగ్గరికి పోయి, గురువారం డివిజన్ నుంచి పెద్దసారు రాజేశ్వర్ రావు వస్తున్నారు గదా, ఆయన ముందు ఇంకోసారి పరీక్ష పెడితే బాగుంటుందన్నాడు. ఈసారి ముందుగా అందరికీ తెలిసేలా చెబుదాం. తప్పిన మనిషినే పిలిచి నేర్పి, ఆమె చేతే పట్టిస్తే మన పేరు పైకి పోతుంది. చైతన్యకు ఆలోచన నచ్చింది. అందులో 'ట్రైనింగ్' అన్న మాటకు చోటుంది.

"సరే, పిలవండి. పాసైతే కాంట్రాక్టర్‌కి నేనే చెబుతా. అయితే పెద్దసారు ముందు క్షమాపణ అడగాలి."

సఫాయి వాళ్ళను, కూలీలను, టీ కొట్టువాళ్ళను వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టి చైతన్య గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. అనుమానాస్పద వస్తువు అంటే ఏమిటి, దాన్ని ఎలా గుర్తించాలి, ఎవరికి తెలపాలి. చెప్పడం శుభ్రంగానే చెప్పాడు. సమ్మమ్మ ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నది. అందరూ లేచాక సారయ్య ఆమెను పక్కకు పిలిచి, అర్థమైందా అని అడిగాడు.

"అనుమానం అంటాండు సారు. నాకెవల మీద అనుమానం లేదు సారూ."

"మనిషి మీద కాదు అక్కా. సంచి మీద. ఎవలదో తెల్వని సంచి."

"స్టేషన్ల అన్నీ ఎవలదో తెల్వనివే గద. ఎవల సంచి వాళ్ళకెర్క. నేనేడ అడుగుదు?"

సారయ్య బెంచీ మీద కూలబడ్డాడు. హాల్లోంచి జాతరకు పోయేవాళ్ళు దాటుతున్నారు. బెల్లం ముద్దలు, బియ్యం మూటలు, కోళ్ళ బుట్టలు. ఒక ముసలమ్మ మూట దించి పక్కన కూర్చున్నవాళ్ళకు ఏదో చెప్పి నల్లా వైపు పోయింది. చెప్పించుకున్నవాళ్ళు ఆ మూటను తమ కాళ్ళ దగ్గరికి జరుపుకున్నారు. సారయ్య అటే చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, మనం సంచి పెట్టి పోయేటప్పుడు పక్కోళ్ళకు అప్పజెప్పి పోతం గదా?"

"పోకుంటే ఎట్ల?"

"ఎవలకూ అప్పజెప్పకుంట, ఒక్క మాట గూడ చెప్పకుంట, పెట్టి పోయిన సంచి ఉంటే?"

సమ్మమ్మ మొహం మారింది. అలాంటి మనిషి ఎలా ఉంటాడో ఊహించుకోవడానికి ఆమెకు కష్టమైనట్టుంది. "గట్ల ఎవలు పోతరు?" అంది. "మంచోళ్ళయితే పోరు."

"గసొంటిది కనబడితే ముట్టుకోకు. జనాన్ని దూరం జరుపు. ఉరికొచ్చి చెప్పు."

"గిది ముందే చెప్తే అయిపోవు గద సారూ," అంది ఆమె, కోపం లేకుండా.

గురువారం స్టేషన్ ఇసుక వేస్తే రాలనట్టుంది. జాతర రైళ్ళు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. రాజేశ్వర్ రావు తెల్ల జుట్టుతో, తక్కువ మాటలతో, ప్లాట్‌ఫాం చివర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కన చైతన్య, మధు. వెనకాల సారయ్య, ఉతికిన ఖాకీలో. సంచి పెట్టే పని ఈసారి రమ్యది. కొత్త నల్ల బ్యాగు ఒకటి స్టేషన్ ఖర్చుతోనే కొన్నారు. ఎక్కడ పెట్టిందో సారయ్యకు కూడా చెప్పలేదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, లోపల్లోపల సమ్మక్క తల్లికి బెల్లం మొక్కుకున్నాడు.

సమ్మమ్మ ఊడ్చుకుంటూ వచ్చింది. మూటల మధ్య చీపురు ఆడడానికి చోటే లేదు. ఒక్కో సంచి దగ్గర ఆగి, పక్కన కూర్చున్నవాళ్ళను అడగసాగింది.

"గిది ఎవలదమ్మా?"

"మా మరిదిది. బిస్కట్లకు పోయిండు."

"గా మూట?"

"ఎవలో ముసలాయన సూడమన్నడు. ఒంటికి పోయిండు."

ఎవర్ని అడిగినా జవాబు ఉంది. ఆ ప్లాట్‌ఫాం మీద దిక్కులేని సంచి అంటూ లేదు. ప్రతి మూటకూ ఎవరో ఒకరు కాపలా, ఆ కాపలావాడి మూటకు ఇంకొకరు. సమ్మమ్మ అలాగే నడుస్తూ పుస్తకాల కొట్టు పక్కకు వచ్చింది. అక్కడ నల్ల బ్యాగు ఉంది. ఒక పక్క కోళ్ళ బుట్టతో ఒక కుటుంబం, ఇంకో పక్క పేకాట ఆడుతున్న నలుగురు మగవాళ్ళు.

"గిది మీదా?"

"కాదు. వాళ్ళది కావచ్చు."

"మాది కాదు. మీదనుకున్నం."

"మీకెవలన్న అప్పజెప్పిండ్రా?"

ఇటువాళ్ళు అటు చూశారు, అటువాళ్ళు ఇటు చూశారు. ఎవరికీ ఎవరూ చెప్పలేదు. సమ్మమ్మ చీపురు అడ్డం పెట్టి, "లెవ్వుండ్రి, కోళ్ళను తీస్కొని దూరం జరుగుండ్రి," అంది. పేకాటవాళ్ళు ముక్కలు పట్టుకునే లేచారు. ఆమె కొంగు సవరించుకుని, జనాన్ని తోసుకుంటూ, వయసుకు మించిన పరుగుతో కుర్చీ దగ్గరికి వచ్చింది.

"సార్, ఎవలకూ అప్పజెప్పకుంట పెట్టిపోయిన సంచి ఒకటున్నది."

రాజేశ్వర్ రావు గడియారం చూసుకుని తల పంకించాడు. చైతన్య మొహం విప్పారింది. "ట్రైనింగ్ సార్," అన్నాడు. సారయ్యకు భుజం మీద చిన్న బరువు తగిలినట్టే అనిపించింది. ఆమె నౌకరి ఆమెకు వచ్చింది, తన చుక్క తనకు వచ్చింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండు అని ఆయనకూ ఉంది.

"శభాష్ అమ్మా," అన్నాడు రాజేశ్వర్ రావు. "ఇంత తెలివైనదానివి, సోమవారం నాడు ఎందుకు చెప్పలేదు?"

సమ్మమ్మ సారయ్య వైపు చూసింది. ఈసారి ఆయన తల కదలలేదు, అటూ ఇటూ ఎటూ కదలలేదు. ఆమె ఒక్క క్షణం చూసి, చూపు నేలకు దించుకుని, రెండు చేతులూ జోడించింది.

"మతికి రాలె సార్. తప్పయింది. ఇంకోసారి గిట్ల చెయ్య."

"చూశారా సార్, తప్పు ఒప్పుకుంది," అన్నాడు చైతన్య.

"పెద్ద మనసు చేసి పనిల పెట్టుకుంటం సార్," అన్నాడు మధు. "రెండు రోజుల కూలి కోసి ఇడిసిపెడతం."

సారయ్య ఆ జోడించిన చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు. చీపురు పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు. సోమవారం ఆ చేతులే ఇటుకల సంచి ఎత్తి జరిపాయి, వైరు చుట్టి లోపలికి దోపాయి. సంచి ఎత్తేసి ఇన్ని రోజులైంది. ఆమె మాత్రం ఇంకా దాని పక్కనే నిలబడి ఉంది, తను వచ్చి నాదే అంటాడని. సారయ్యకు సిగ్గేసింది. ఇన్నేళ్ళ నౌకరీలో ఎన్నడూ అంత సిగ్గు పడలేదు. చెమట పట్టి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆమె తప్పు లేదు సార్," అన్నాడు.

రాజేశ్వర్ రావు వెనక్కి తిరిగి చూశాడు.

"సోమవారం సంచి పెట్టింది నేను. పెట్టి, 'అక్కా, జర సూస్తుండు' అని ఆమెకు అప్పజెప్పి పోయిన. అందుకే ఆమె ఎవలకూ చెప్పలే. అది దిక్కులేని సంచి కాదు సార్, నాది. తర్వాత అడిగినప్పుడు నా పేరు చెప్పొద్దని తల ఊపిన. గది గూడ నేనే."

రాజేశ్వర్ రావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"బాంబు పెట్టి, చూస్తుండమని చెప్పి వచ్చారా?"

"అలవాటు సార్."

"ఏ టెర్రరిస్టైనా అలా చెప్పి పోతాడా సారయ్యా?"

సారయ్య నిజాయితీగా ఆలోచించాడు. "మన దిక్కోడైతే చెప్పొచ్చు సార్," అన్నాడు.

రమ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పేకాటవాళ్ళలో ఒకడు పైకే నవ్వాడు. ఆ నవ్వు అంటుకుని కోళ్ళ కుటుంబం దాకా పోయింది. రాజేశ్వర్ రావు మూతి బిగబట్టుకుని, లేచి నిలబడి, మొహం పట్టాల వైపు తిప్పుకుని కాసేపు సిగ్నల్‌ను పరీక్షించాడు. ఇటు తిరిగేటప్పటికి గొంతు మామూలుగానే ఉంది. సోమవారం రిపోర్టు మార్చి రాయమని చైతన్యకు చెప్పాడు. కూలి కోయడానికి వీల్లేదని మధుకు చెప్పాడు. సారయ్యకు ఏమీ చెప్పలేదు. సమ్మమ్మకు మాత్రం నమస్కారం పెట్టి జీపెక్కాడు.

సాయంత్రం చైతన్య సారయ్యను పిలిచాడు. కోప్పడతాడనుకుంటే కోప్పడలేదు. పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"మంగళవారమే చెప్పి ఉండొచ్చు కదా."

"చెప్తే నా పేరు పంపకపోదురు సార్."

"ఇప్పుడు కూడా పంపలేను."

"ఎర్కే సార్."

చైతన్య ఇంకేదో అనాలనుకున్నాడు గానీ, అనడానికి పద్ధతి ప్రకారం ఏ మాటా దొరకలేదు. "ఇంటికి వెళ్ళండి," అన్నాడు. సారయ్య సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాడు. జాతర బండి ఒకటి అప్పుడే కదిలిపోయింది. ప్లాట్‌ఫాం నిండా కోడి ఈకలు, బెల్లం కాగితాలు, అరటి తొక్కలు. ఎందుకో ఇంటికి పోబుద్ధి కాక బెంచీ మీద కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. చుక్క పోయినందుకు బాధ ఉంది. లేదని అబద్ధం చెప్పుకోలేదు. అయితే మూడు రోజుల తర్వాత ఇప్పుడు బాగా ఆకలి వేస్తోంది.

జాతర రద్దీకి సాయంత్రం కూడా పనిలో ఆగిన సమ్మమ్మ ఊడ్చుకుంటూ బెంచీ దాకా వచ్చింది.

"అక్కా," అన్నాడు సారయ్య. "సోమవారమే సారయ్యది అని ఒక్క మాట అంటే నీ నౌకరికి ఏం కాకపోవు. ఇయ్యాల గూడ అనలే. ఎందుకు?"

సమ్మమ్మ చీపురు ఆపి ఆయన మొహంలోకి చూసింది. అందులో అడిగేదేముందో ఆమెకు అర్థం కాలేదు.

"సూడమని చెప్పి పోతివి. ఎవలకన్న చెప్పమంటివా?" అంది. "కాళ్ళు లేపు సారూ, బెంచీ కింద ఊడ్వాలె."

సారయ్య టోపీ గట్టిగా పట్టుకుని, బూటు కాళ్ళు రెండూ పైకి లేపి కూర్చున్నాడు.